నాలుగొందల పన్నెండు వాక్యాల స్పానిష్

మా బావకి స్పానిష్ వచ్చని మా వీధిలో అందరికీ తెలుసు. రాదని తెలిసింది మాత్రం చాలాకాలం ఇద్దరికే, ఆయనకీ నాకూ. తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాను కాబట్టి ఈ కథ చెప్పే అర్హత నాకుందో లేదో నాకే అనుమానం. అయినా చెప్తాను. ఇంకెవరూ చెప్పరు.

బావంటే మా అక్క మొగుడు. నేనూ ఆయనా ఒకే ప్రెస్సులో పనిచేసేవాళ్లం. నేను బైండింగులో, ఫారాలు మడిచి, కుట్టి, అట్టలు అతికించడం. ఆయన కంపోజిటరుగా చేరి, అక్షరాలు పేర్చీ పేర్చీ కళ్లు చెడగొట్టుకుని, ఆ చెడ్డ కళ్లతోనే ప్రూఫ్ రీడరయ్యాడు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. స్నానానికి వెళ్లేటప్పుడు మా అక్క తీసి పక్కన పెట్టాల్సిందే.

మా ప్రెస్సు ప్రాణమంతా జేబు పుస్తకాల మీద. ప్రయాణాలు చేసేవాళ్లకి పనికొచ్చే మాటలు, ఏ దేశం వెళ్తే ఆ భాషలో. ఓనరు గారి నాన్న ఎప్పుడో నాలుగొందల పన్నెండు వాక్యాలతో ఒక మూస తయారు చేసి పెట్టారు. స్టేషను, హోటలు, భోజనం, కొట్టు, డాక్టరు, ఐదు భాగాలు. ఎడమ పక్క మన వాక్యం, కుడి పక్క వాళ్లది, మన అక్షరాల్లోనే. ఎడమ పక్క సీసం అచ్చులు విప్పేవాళ్లు కాదు, దారం కట్టి అరలో ఉంచేసేవాళ్లు. కొత్త భాష వస్తే కుడి పక్క ఒక్కటే పేర్చుకోవడం. ఫ్రెంచి వాడినీ జపాన్ వాడినీ మా పాఠకుడు అవే నాలుగొందల పన్నెండు సంగతులు అడిగేవాడు. మా ప్రెస్సు దృష్టిలో ప్రపంచమంటే అంతే.

స్పానిష్ పుస్తకం ఒక రిటైరైన మాస్టారు రాస్తానని ఒప్పుకున్నారు. నూటయాభై వాక్యాలు రాసి, హోటల్లో గది బాగాలేదని చెప్పే చోటికి వచ్చేసరికి పాపం ఆయన పోయారు. ఓనరు గారు ఆగే మనిషి కాదు. అట్ట అచ్చయిపోయింది మరి. బావ ఒక అట్టలేని పాత నిఘంటువూ, సగం పేజీలు అంటుకుపోయిన ఒక వ్యాకరణమూ సంపాదించి, నాలుగు నెలలు కూచుని మిగతాదంతా పూర్తి చేశాడు. అట్ట మీద మాత్రం "భాషా పండితుల బృందం" అని పడింది. ఆ బృందం మా ఇంట్లో పీట మీద కూచుని అన్నం తింటూ "కుయాంతో క్వెస్తా, కుయాంతో క్వెస్తా" అని గొణిగేది. ఇదెంత అని అడగడం అట.

పుస్తకం పదకొండు సార్లు అచ్చయింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు లేదంటే తప్పు లేనట్టే అని ఓనరు గారి లెక్క. కొన్నవాళ్లు అంత దూరం వెళ్లి, ఆ వాక్యాలు పలికి, ఏ స్టేషన్లో తప్పిపోయారో మాకెవరు చెప్తారు. అయినా ఆ భాష మాట్లాడే మనిషిని చూడాలన్న ఆశ ఒకటి బావకి పట్టుకుంది. ఆశంటే చిన్నదేమీ కాదు. జీవితంలో ఇంకేదీ అడగలేదాయన. ఒక్క మనిషి ఎదురైతే చాలు, తను నేర్చింది నిజమో కాదో తేలిపోతుందని.

నేను ఊరుకునేదాన్నా? మరదలినై పుట్టినందుకు ఆ మాత్రం హక్కుంది. "బావా, స్టేషనెక్కడ అని మీరడిగారు సరే, వాడేమంటాడు?" అనేదాన్ని. మా పుస్తకంలో ఎవరూ జవాబు చెప్పరు కదా. అడిగేవాడే తప్ప చెప్పేవాడు లేడు. బావ నవ్వి, వాడు చేత్తో చూపిస్తాడులేవే అనేవాడు. ఆ చమత్కారానికి నేనే ఎక్కువ నవ్వేదాన్ని.

అలా పద్నాలుగేళ్లు గడిచాక ఊరి చివర ఫ్యాక్టరీకి ఏదో పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి ముగ్గురు విదేశీ ఫిట్టర్లు, వాళ్లతో కంపెనీ వాళ్లు కుదిర్చిన, మాటలు తర్జుమా చేసే దుబాసీ ఒకడూ వచ్చారు. వాళ్లది స్పానిషన్న సంగతి అప్పుడు మా దాకా రాలేదు. పని దాదాపు అయిపోయి ఇద్దరు ఫిట్టర్లూ దుబాసీ వెళ్లిపోయారు. చివరి బోల్టులేవో చూసుకోవడానికి ఉండిపోయిన మూడో ఫిట్టరు పైనుంచి పడ్డాడు. పక్కటెముకలు లోపలికి దిగాయి. కుడి చెయ్యి భుజం దాకా కట్టు, ఎడమ చేతి వేళ్లకి చెంచా పట్టుకునే బలం కూడా లేదు. అతన్ని చేర్పించింది మా అక్క ఆయాగా పనిచేసే ఆసుపత్రిలోనే.

ఐదు రోజులు అతను ఏదో చెప్పాలని చూడడం, ఎవరికీ అర్థం కాకపోవడం. పెద్ద డాక్టరు గారు కంపెనీకి ఫోన్ చేయించి దుబాసీని మళ్లీ రప్పించమన్నారు. రైల్లో రెండు రోజుల ప్రయాణం, మర్నాడే బయల్దేరతానని అతను కబురు పెట్టాడు. రోగిది స్పానిషని ఆ ఫోన్లోనే తెలిసింది. అప్పుడు మా అక్క చేతిలో గుడ్డల బకెట్టు పట్టుకుని గుమ్మంలోంచే చెప్పింది, మా ఆయనకి ఆ భాష వచ్చండీ, పుస్తకమే రాశారు అని. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడి గురించి గొప్పగా చెప్పుకునే అవకాశం దానికి అదొక్కటే వచ్చింది. దాన్నేమనను.

కబురు అందగానే బావ మొహం చూడాలి. చెయ్యి కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఓనరు గారు సెలవిచ్చి, మా ప్రెస్సు పరువు నిలబెట్టమన్నారు. నేను కూడా పని వదిలేసి వెంటపడ్డాను. వేడుక చూద్దామని వెళ్లాను, ఒప్పుకుంటున్నాను.

ఆరు మంచాల వార్డు. కిటికీ పక్క మంచానికి గుడ్డ తెర కట్టారు. మంచం కోళ్లకి తెల్లరంగు పెచ్చులూడి కింద తుప్పు కనిపిస్తోంది. కిటికీలోంచి చూస్తే బాయిలర్ షెడ్డు గోడ తప్ప ఏమీ లేదు. నలభై ఏళ్లుంటాయేమో ఆ మనిషికి, గడ్డం పెరిగి, పెదాలు పగిలి ఉన్నాయి. బావ బళ్లో పద్యం అప్పజెప్పేవాడిలా నిటారుగా నిలబడి "బ్వేనోస్ దియాస్, సెన్యోర్" అన్నాడు. శుభోదయం అని. అప్పుడు సాయంత్రం నాలుగైంది.

ఆ మనిషి కళ్లు పెద్దవి చేశాడు. మా పుస్తకంలో డాక్టరు భాగంలో అన్నీ రోగి మాటలే, నాకిక్కడ నొప్పి, నాకు జ్వరం, ఇలా. డాక్టరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. బావ అక్కడికక్కడే వాక్యాన్ని తిరగేసి "దోందే దుయెలె?" అన్నాడు. ఎక్కడ నొప్పి అని. అది సరిగ్గానే ఉండాలి, ఎందుకంటే ఆ మనిషి తల అడ్డంగా ఊపి, నొప్పి సంగతి వదిలెయ్ అన్నట్టు, మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఐదు రోజుల మాటలు. ఊపిరి అందక ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం. మెల్లగా మాట్లాడండి అనే వాక్యం బావ ఒకసారి వాడాడు. అతను రెండు మాటలు మెల్లగా అని, మళ్లీ పరుగందుకున్నాడు.

ఏమంటున్నాడని డాక్టరు గారు అడిగారు. బాగా నొప్పిగా ఉందంటున్నారండీ అన్నాడు బావ. పక్కటెముకలు విరిగిన ఏ మనిషైనా అనేదే కదా. డాక్టరు గారికి సంతోషమేసింది. గుమాస్తాని పిలిచి, కంపెనీకి ఫోన్ చేసి దుబాసీ రానక్కర్లేదని చెప్పమన్నారు. కేసు కాగితంలో కూడా రాయించారు, భాష తెలిసిన వ్యక్తి ద్వారా రోగితో మాట్లాడడమైనదని. ఆ మాట చదువుతున్నప్పుడు మా అక్క చీర కొంగు సర్దుకుంది.

అదిగో, అప్పుడు చెప్పాల్సింది. బావ చెప్పాల్సింది, లేదా నేను. నాకు బావని చదవడం వచ్చు. రాతప్రతిలో మాట అర్థమైతే ఆయన తల ఊపడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. అర్థం కాకపోతేనే గబగబా తల ఊపుతాడు. ఆ రోజు మంచం పక్కన ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

రెండో రోజూ వెళ్లాడు. నేనూ వెళ్లాను. బావకి తెలిసిన మాటలు మధ్యమధ్యలో దొరికేవి, ఏట్లో కొట్టుకుపోయేవాడికి కర్రముక్కలు దొరికినట్టు. పాన్ అన్నది వినబడింది, అంటే రొట్టె. బావకి రొట్టె ఉండేది భోజనం భాగంలో. ఆకలేస్తోందండీ అని చెప్పి రొట్టె తెప్పించాడు. ఆ మనిషి పళ్లెం కేసి చూసి, బావ కేసి చూసి, కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆనందబాష్పాలనుకున్నారు నర్సులు. తాళంచెవి మాట వినబడింది. అది హోటలు భాగంలోది. అతను దిగిన లాడ్జికి మనిషిని పంపి గది తాళంచెవి తెప్పించి దిండు కింద పెట్టారు. మెట్లన్నాడు. మెట్ల మీంచి పడ్డాడు కాబోలు అన్నాడు బావ. ఏడనీ గురువారమనీ కూడా వినబడ్డాయి, వాటితో ఏం చెయ్యాలో బావకి తోచలేదు. ఆ మనిషి ఎడమ చెయ్యి మంచం పక్కకి దించి, నేలకి ఇంతెత్తు అని చూపించి "నిన్యా, నిన్యా" అన్నాడు. ఆడపిల్ల. మా పుస్తకంలో పిల్లలు ఒక్కచోటే వస్తారు, ఈ పాపకి అర టిక్కెట్టు ఇవ్వండి అనే దగ్గర. కూతురు గుర్తొచ్చింది పాపం అని చెప్పాడు బావ. ఆ ఒక్కటీ తప్పు కాదు. కానీ అతను చెప్తున్నది గుర్తొచ్చిందని కాదు.

చెవి మీద పెన్సిలుంది కదా. ఆ శబ్దాలు విన్నవి విన్నట్టు రాసుకున్నా ఇంటికెళ్లి నిఘంటువు తిరగేసుకునేవాడు. ఎందుకు రాసుకోలేదని తర్వాత నేను ఒంటికాలి మీద లేచాను. భాష వచ్చినవాడు రాసుకోడు కదే అన్నాడు.

మూడో రోజు ఆ మనిషి బాగా నీరసించిపోయాడు. బలం లేని ఆ ఎడమ చెయ్యి తెచ్చి బావ మణికట్టు మీద పెట్టాడు. గోడకి మేకు కొడుతున్నట్టు ఒక్కో మాటా విడివిడిగా "మె ఎంతియెందె?" అని అడిగాడు. నేను చెప్తున్నది అర్థమవుతోందా? ఆ వాక్యం బావకి వచ్చు, నాకూ వచ్చు, ఆ ఫారం నేను వేలసార్లు మడిచాను. డాక్టరు గారు తెర దగ్గరున్నారు. మా అక్క మంచం కాళ్లవైపు నిలబడి చూస్తోంది.

"సి" అన్నాడు బావ. "సి, సెన్యోర్." అవునండీ.

ఆ మనిషి చెయ్యి తీసేశాడు. గట్టిగా ఊపిరి వదిలి అటు తిరిగి పడుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేసినవాడి నిద్ర అది. వచ్చాక అతను నిద్రపోవడం అదే మొదటిసారని మా అక్క మురిసిపోయింది.

ఇంటికి నడుస్తూ అడిగాను, ఏం చెప్పాడు బావా అని. ఇంటి సంగతులన్నాడు. ఏ సంగతులు? వీధి మలుపులో సోడా కొట్టు దగ్గర ఆగి, ఒక్క ముక్క అర్థం కాలేదే అన్నాడు.

"కాలేదని చెప్పొచ్చుగా బావా? ఆ వాక్యం మీ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది."

"నోటిదాకా వచ్చింది. మీ అక్క అలా చూస్తోంటే లోపలికి పోయింది. రేపు పొద్దున్నే డాక్టరు గారికి చెప్పేస్తాను. దుబాసీని పిలిపిస్తారు."

సరే రేపే చెప్పండి అన్నాను నేను. ఆసుపత్రి నాలుగు వీధుల వెనకే ఉంది. ఆ పూటే వెనక్కి వెళ్లి నేనైనా చెప్పగలిగేదాన్ని. ఇంట్లో బియ్యం నానబోసి వచ్చాను, వెళ్లలేదు. మర్నాడు పొద్దున్న బావ ఇస్త్రీ చొక్కా కాకుండా మామూలు చొక్కా వేసుకుని బయల్దేరేసరికి ఆసుపత్రి నుంచి మా అక్క ఎదురొచ్చింది. తెల్లవారకముందే పోయాడట.

అయిపోయిందనుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, తేలిగ్గా కూడా అనిపించింది. బావ మాత్రం తేలికపడలేదు. అన్నం ముందు కూచుని లేచిపోయేవాడు. ఎప్పుడూ లేనిది ప్రూఫుల్లో తప్పులు వదిలేశాడు.

రెండు నెలల తర్వాత ఆవిడ వచ్చింది. ఆ ఫిట్టరు అక్క. పక్కన ఆ పాత దుబాసీ. ఆసుపత్రిలో కేసు కాగితం చూసి, భాష తెలిసిన వ్యక్తెవరో కనుక్కుని, తిన్నగా మా ప్రెస్సుకే వచ్చారు. ప్రూఫుల గదిలో బల్ల మీద తడికాగితాలు పక్కకి జరిపి చోటిచ్చాను. ఆవిడ నల్లగౌను మీద మోకాళ్ల దగ్గర ప్రయాణం ముడతలున్నాయి. ఓనరు గారు హడావిడిగా లోపలికి పోయి మా స్పానిష్ పుస్తకం ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ పేజీలు తిప్పింది. అంతా మన లిపే కదా. తన భాష పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చదవలేక, మర్యాదగా మూసి ఒళ్లో పెట్టుకుంది.

దుబాసీ చెప్పుకొచ్చాడు. తమ్ముడి భార్య రెండేళ్ల కిందట పోయింది. అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు, ఏదో పట్టింపు. తమ్ముడు కూతుర్ని తీసుకుని ఎక్కడో రేవు పట్నంలో పనికి చేరాడు. ఏడేళ్ల పిల్ల. ఇక్కడికి బయల్దేరే ముందు పిల్లని సంచితో సహా ఎక్కడో దింపి వెళ్లాడని ఇంటి యజమాని అన్నాడు. ఎవరి దగ్గర దింపాడో ఎవరికీ తెలీదు. చుట్టాల్లో ఎవరి దగ్గరా లేదు. రెండు నెలలుగా ఈవిడ ఆ పట్నంలో గడప గడపా ఎక్కి దిగింది.

"మూడు రోజులు మీతో మాట్లాడాడని కాగితంలో ఉంది. పిల్ల ఎక్కడుందో మీకు తప్పకుండా చెప్పి ఉంటాడు అంటున్నారు ఈవిడ. అది తెలుసుకోవడానికే వచ్చారు."

బావ బల్ల అంచు పట్టుకున్నాడు. తనకి దొరికినవి ఒక్కొక్కటే చెప్పాడు, రొట్టె, మెట్లు, తాళంచెవి, ఏడు, గురువారం. దుబాసీ వాటిని ఒక కాగితం మీద వాళ్ల భాషలో రాశాడు. ఆవిడ ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, వేలితో ఒక మాట నుంచి ఇంకో మాటకి వెళ్తూ చాలాసేపు చూసింది. దుబాసీ చేత అడిగించింది, రొట్టె అంటే రొట్టెల కొట్టా, మెట్ల పక్కనా, పైనా? తాళంచెవి ఎవరి దగ్గర? ఏడంటే పిల్ల వయసా, ఇంటి నంబరా? ఏదైనా పేరు చెప్పాడా, ఒక్క పేరు? పేర్లు చాలా చెప్పాడన్నాడు బావ. ఒక్కటీ గుర్తులేదన్నాడు. ఆవిడకి కోపం రాలేదు. పాపం జబ్బుమనిషి మాటలు సరిగ్గా వినబడి ఉండవులెండి అందట. దుబాసీ ఆ మాట చెప్పగానే బావ బల్ల అంచు వదిలేశాడు.

"అది కాదని చెప్పండి" అన్నాడు. "బాగానే వినబడ్డాయి. నాకే భాష రాదు. అర్థమైందా అని అడిగితే అవునన్నానని చెప్పండి. నేనున్నాననే మిమ్మల్ని రావద్దని ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారని చెప్పండి."

దుబాసీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడది చెప్పి ఏం లాభమండీ, ఉన్న దుఃఖం చాలదా ఆవిడకి, వదిలెయ్యండి అన్నాడు. ఓనరు గారు కూడా అవునవునన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ బావ చెయ్యి పట్టుకుని లాగాను, ఊరుకోమని.

బావ నా చెయ్యి విడిపించుకున్నాడు. లేచి ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు. పెదాలు రెండుమూడు సార్లు కదిలి ఆగిపోయాయి. వాక్యం కట్టుకుంటున్నాడని నాకర్థమైంది. అది ఏ భాగంలోనూ లేని వాక్యం.

"ఎల్ మె ప్రెగుంతో. యో దిహె సి. నో ఎంతెందీ."

ఆయన నన్ను అడిగాడు. నేను అవునన్నాను. నాకు అర్థం కాలేదు.

ఆవిడకి తెలిసింది. దుబాసీ వైపు తిరగలేదు. ఒళ్లోంచి మా పుస్తకం జారి కింద పడితే చూసుకోలేదు. బావ మొహంలోకి చూస్తూ, అరవకుండా, పక్కింటి మనిషిని అడిగినట్టు అడిగింది.

"పోర్ కే?"

ఎందుకు, అని. దుబాసీ చెప్పబోతే బావ వద్దని చెయ్యెత్తాడు. ఆ భాషలో ఎదుటి మనిషి తనతో అన్న మాట ఆయనకి అంత సూటిగా అందడం అదే మొదటిసారి. మన భాషలో కూడా ఏమీ రాలేదు. పక్క గదిలో మిషను ఆగింది, మళ్లీ మొదలైంది. ఆవిడ ఆ ఐదు మాటల కాగితం పట్టుకుని, జవాబు కోసం అలాగే కూచుంది.